భుజం మీది మరక

మా అమ్మాయి ట్రైనింగ్‌కు వెళ్లిపోయాక కూడా మా డాబా మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు ఆగలేదు. నేను చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీయండి, నాకేం. పాలవాడు ఇంకా రాకముందే మొదలయ్యేది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా, మళ్లీ పైనుంచి కిందికి, బరువు మోస్తూ పరుగెత్తే మనిషి అడుగులు. లేచి వెళ్లి వెనక తలుపు తీసేదాన్ని. మెట్లు ఖాళీగా ఉండేవి. మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి తిరిగే అలవాటు ఆమెకు. ఆ చోట పచ్చటి చెయ్యి ముద్ర మాత్రం అలాగే ఉండేది. తిరిగొచ్చి పడుకుంటే మా ఆయన గోడవైపు తిరిగి ఉండి, "నీగ్గూడ ఇనవడ్డదా?" అని అడిగేవాడు.

"ఏంది ఇనవడేది? పిల్లి గావచ్చు. పండుకో" అని కసిరేదాన్ని.

పిల్లి అంత బరువుగా మెట్లు ఎక్కదని ఇద్దరికీ తెలుసు.

మాది ఆర్మూర్. మా ఆయనకు ఆలూర్ దారిలో కొంచెం పొలం ఉంది. పసుపు వేస్తాడు, మక్కజొన్న వేస్తాడు. నేను ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయిపోగానే బీఎడ్ చెయ్యమన్నాను, కాదంది. బ్యాంకు పరీక్షలు రాయమన్నాను, కాదంది. సరిహద్దులో కాపలా కాసే దళంలో చేరతానంది. నేను పకపకా నవ్వాను. నేను నవ్వుతున్నా తను నవ్వలేదు. అప్పుడు భయమేసింది నాకు.

అక్కడి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున మార్కెట్ యార్డులో పరుగు, సాయంత్రం సిద్ధుల గుట్ట ఎక్కడం. బరువు మోయడం అలవాటు కావాలని వాళ్ల బాపును అడిగి సగం బస్తా ఎండు పసుపు తెచ్చుకుంది. దాన్ని కుడి భుజం మీద వేసుకుని మా డాబా మెట్లు ఎక్కేది, దిగేది. పిచ్చిదానిలా. ఎక్కిన ప్రతిసారీ బస్తాలోంచి పొడి రాలి ఆ భుజం పచ్చగా అయ్యేది. మెట్లు పచ్చగా, గోడ పచ్చగా, నేను ఉతికే టీషర్టులు పచ్చగా. నేను అరిచేదాన్ని. "సైన్యంల చేరుతున్నవా, పసుపు గిర్నిల చేరుతున్నవా?" అనేదాన్ని. తను ఆగకుండానే, "నువ్వు గూడ ఎక్కు అమ్మా, మోకాళ్ల నొప్పులు పోతయ్" అనేది.

మా ఆయన మాత్రం చాప మీద కూర్చుని ఫోన్‌లో టైమ్ చూసేవాడు. ఆ మనిషి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. నేను గట్టిగా ఒక మాట అంటే, "నువ్వు ఎవ్వల మాట ఇంటవే" అని ఊరుకోవడం ఒక్కటే ఆయనకు తెలిసిన పోట్లాట. పెళ్లయిన దగ్గర్నుంచి అదే మాట. వినీ వినీ నాకు అది నా పేరులాగే అయిపోయింది.

సెలెక్షన్ వచ్చిందని తెలిసిన రోజు పక్కింటి వదిన వచ్చి గడపలో నిలబడింది. "ఆడపిల్లను తుపాకుల మీదికి తోలుతున్రా? రేపు ఎవడు చేస్కుంటడు?" అంది. నాకు ఒళ్లు మండింది. "నీ కొడుకును తోలుదామంటే వాడు మంచం దిగడు గద వదినా" అన్నాను. ఆమె మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. నిజానికి లోపల నేనూ అదే భయంతో ఉన్నాను. ఆ భయం నాది. దాన్ని ఇంకొకరి నోట్లో చూడలేకపోయాను.

తెల్ల టీషర్టులు, తెల్ల సాక్సులు, తెల్ల కాన్వాస్ బూట్లు తెచ్చుకోవాలని వాళ్లు ముందే చెప్పారు. అన్నీ తెల్లవే. ఒక్కొక్కటి ఇస్త్రీ చేసి రేకు పెట్టెలో సర్దాను. మెడ దగ్గర లోపలివైపు చిన్న గుర్తు కుట్టాను, వేరేవాళ్ల బట్టల్లో కలిసిపోకుండా. అప్పుడే పొలంలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసిన రోజులు. ఇంటి వాడకానికని కొంత తెచ్చి మా డాబా మీద కూడా ఆరబోశాం. అదింకా సరిగ్గా ఎండనేలేదు. ఈయన అందులోంచి బాగా ఎండిన కొమ్ములు కొన్ని ఏరుకుని గిర్నికి వెళ్లి పట్టించుకొచ్చాడు. ఎన్నడూ గిర్ని మొహం చూడని మనిషి.

"ఎందుకయ్యా గంత తొందర? డబ్బాల పసుపు లేదా?" అన్నాను.

"కొత్త పసుపు" అన్నాడు. అంతే. మళ్లీ వంటింట్లో చూస్తే ఆ పొడి లేదు. ఎటు పోయిందని అడుగుదామనుకున్నాను. పెట్టె సర్దే హడావుడిలో మరిచిపోయాను.

నిజామాబాద్ స్టేషన్‌లో ఆమెతో పాటు వెళ్లే పిల్లలు ఇంకొందరు ఉన్నారు. అందరి తల్లులూ ఏడుస్తున్నారు. నేను ఏడవలేదు. కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియని కోపం. ఆ పిల్లల్లో ఒకరి అన్న ఇదివరకే ఫోర్స్‌లో ఉన్నవాడట. "మొదట్ల ఉండలేకపోతే వచ్చెయ్యొచ్చు ఆంటీ. తర్వాత కష్టం" అని చెప్పాడు. ఆ మాట మా ఇద్దరి చెవుల్లో పడింది. ఈయన రైలు కిటికీ చువ్వలు పట్టుకుని, "బిడ్డా, ఉండబుద్ధి గాకపోతే ఒక్క మాట చెప్పు. వచ్చి తీస్కపోత" అన్నాడు. తను నవ్వింది. "నీకే ఉండబుద్ధి గాదు బాపు, నాక్కాదు" అంది. బండి కదిలింది. చువ్వలు వదలకుండా ఈయన కొంచెం దూరం నడిచాడు. నేను చొక్కా పట్టుకుని లాగితే ఆగాడు.

ఇంటికొచ్చాక మొదలైంది ఆ మెట్ల చప్పుడు.

ట్రైనింగ్ సెంటర్ ఎక్కడో ఉత్తరాన ఉంది. అక్కడ ఫోన్లు తీసుకుని దాచిపెడతారు. ఆదివారం కాసేపు ఇస్తారు, మళ్లీ తీసుకుంటారు. అంతవరకూ ఏం చేస్తోందో, తిందో లేదో, ఏమీ తెలియదు. మాటిమాటికీ ఈయన తన ఫోన్ తీసి వెనక్కీ ముందుకీ తిప్పి చూసేవాడు, అందులో ఏదో పాడైనట్టు. అన్నం వడ్డించేటప్పుడు నేను మూడు పళ్లాలు కడిగి పెట్టేదాన్ని. ఒకటి మళ్లీ తీసి బోర్లించేదాన్ని. అది చూసి ఆయన, ఆయన్ని చూసి నేను, ఇద్దరం ఏమీ ఎరగనట్టే తినేవాళ్లం.

మొదటి ఆదివారం పొద్దెక్కాక వీడియో కాల్ వచ్చింది.

ముందు ఎవరో అబ్బాయి అనుకున్నాను. జుట్టు చెవుల దాకా కత్తిరించేశారు. నడుము దాటే జడ దానిది. నూనె రాసి అల్లి అల్లి నా వేళ్లకు అలవాటైన జడ. నా బిడ్డ మొహం మీద ఇంకెవరిదో జుట్టు పెట్టినట్టుంది. అది చూసి తేరుకునేలోపే ఇంకొకటి కనిపించింది. కుడి భుజం మీద తెల్లటి గుడ్డ. మెడ నుంచి కిందికి. దాని మీద ఎర్రగా. తడిగా. పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. "బిడ్డా, గా భుజానికి ఏమైందే?" అని నేను అరిచాను. బొమ్మ ఆగిపోయింది. ముక్కలు ముక్కలైంది. కాల్ పోయింది.

మళ్లీ చేశాం. కలవలేదు. చేస్తూనే ఉన్నాం. సాయంత్రానికి ఆ ఫోన్ స్విచాఫ్ అయింది. వాళ్లు తీసేసుకున్నారన్నమాట. ఇంక మళ్లీ ఆదివారం దాకా ఏమీ లేదు.

నేను, ఈయన ఎదురెదురుగా కూర్చున్నాం. "నువ్వు చూసినవా?" అన్నాను.

"చూసిన."

"కట్టు గదా అది? రక్తం గదా?"

ఆయన లేచాడు. పైన పసుపు తిరగెయ్యాలంటూ డాబా ఎక్కాడు. ఎండ అప్పటికే దిగిపోయింది. తిరగెయ్యడానికి ఏమీ లేదు.

ఆ వారం ఎలా గడిచిందో మాకే తెలుసు. మా దగ్గర ఆ బొమ్మ లేదు, ఫోటో లేదు, ఏదీ లేదు. రెప్పపాటు చూసింది తలలో ఉంది, అంతే. దాన్నే పొద్దంతా బయటికి తీసి చూసుకున్నాం. చూసిన కొద్దీ అది పెరిగింది. మొదటి రోజు భుజం మీద అరచెయ్యంత ఉందనుకున్నాను. మర్నాటికి మెడ దాకా పాకింది. "ఛాతీ మీద గూడ ఉండె" అన్నాడు ఈయన. "లేదు, భుజమే" అన్నాను. "నేను మంచిగ చూసిన" అన్నాడు. "నువ్వేం చూసినవ్, నీ కండ్లద్దాలే లేకుండె" అన్నాను. బిడ్డ గాయం ఎక్కడుందని మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడం ఎక్కడైనా ఉందా? మేం పోట్లాడుకున్నాం. పోట్లాట అయ్యాక ఇద్దరం భయంతో ముడుచుకుపోయాం. బొమ్మలో తను ఏడుస్తోందని ఆయన అన్నాడు. నవ్వుతోందని నేను అన్నాను. నవ్వుతోందని అనడానికి నాకు ఆధారం ఏమీ లేదు. అలా అనకపోతే నేను బతకలేను, అందుకే అన్నాను.

ఈయనకు ఉర్దూ కొంచెం వచ్చు. ట్రైనింగ్‌కు రమ్మని వచ్చిన కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. ఎవరో పెద్దమనిషి ఎత్తాడు. పిల్ల పేరు, ఊరు అడిగి, అంతా బాగానే ఉంది, ఆదివారం మాట్లాడుతుంది అని పెట్టేశాడు. "బాగనే ఉందంట" అన్నాడు ఈయన.

"వాళ్లు గట్ల అనక ఇంకేమంటరు? దెబ్బ తగిలింది, వచ్చి తీస్కపో అంటరా?" అన్నాను.

"మరి ఏం జేద్దామంటవ్?"

"నాకేం ఎరుక? నువ్వు బాపువు గదా, నువ్వు చెప్పు."

అలా అనకూడదు, తెలుసు. అన్నాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఒకామె ఎర్ర పట్టు జాకెట్ గుడ్డ తెచ్చింది, చెల్లెలి పెళ్లి ఉందని. గుడ్డ పరిచి సుద్దతో గీత గియ్యబోతే చెయ్యి ముందుకు సాగలేదు. ఎరుపు. అంతా ఎరుపు. మడిచి ఆమె చేతిలో పెట్టేశాను. "నేను కుట్ట. ఇంకోల దగ్గర ఇయ్యి" అన్నాను. ఆమె బిత్తరపోయింది. "ఏందక్కా, ఎప్పుడు నీ దగ్గరనే గదా" అంది. "ఎర్రయి కుట్ట, పో" అన్నాను. నా మీద గాలి సోకిందని ఊళ్లో చెప్పుకుని ఉంటారు. సోకిందే అనుకోండి. పక్కింటి వదిన విబూది తెచ్చి గడప మీద పెట్టి వెళ్లింది. వేరే రోజైతే దాన్ని ఊడ్చి బయట పారేసేదాన్ని. ఆ రోజు నుదుటికి పెట్టుకున్నాను.

పొద్దున అడుగుల చప్పుడు మారింది. ఇదివరకు బలంగా ఎక్కే మనిషి ఇప్పుడు ఒక కాలు ఈడుస్తున్నట్టు వినిపించేది. నేను పైకి చెప్పలేదు. ఒకరోజు తెల్లారి వెళ్లి చూస్తే ఈయన మెట్ల మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ పచ్చటి చెయ్యి ముద్ర మీద తన చెయ్యి పెట్టి. నన్ను చూసి చెయ్యి తీసేసి, "సున్నం ఎయ్యాలె గీ గోడకు" అన్నాడు.

"ఎయ్యి సూస్త" అన్నాను. "చెయ్యి ఇరగ్గొడత."

అప్పుడే నిర్ణయం అయిపోయింది. బస్టాండ్ దగ్గర కొట్లో ఈయన రైలు టికెట్ తీసుకొచ్చాడు. ఆదివారం సాయంత్రం బండి. వెళ్లి చూడడం, పిల్లను వెంటబెట్టుకుని రావడం. కూతురు ఉద్యోగం వదులుకుంటే ఊరేమంటుంది, ఇన్నేళ్ల కష్టం ఏమవుతుంది, అవన్నీ మాకు ఆ వారం గాలికి పోయాయి. బిడ్డ బతికుంటే చాలు. రేపు జాకెట్లు కుట్టుకున్నా బతుకుతుంది. కానీ తను మొండిది. బాపు వెళ్లి నిలబడితే కూడా రాను అంటుంది. తను రావాలంటే నేను అడగాలి. చిన్నప్పటి నుంచీ అంతే. బాపుతో ఎన్ని పంతాలైనా పడుతుంది, నేను గొంతు తగ్గించి ఒక్క మాట అడిగితే కాదనలేదు.

"ఆదివారం ఫోన్ వస్తే నేను ఒక్కటే మాట అంట. ఇంటికి వచ్చెయ్యి బిడ్డా అంట. మల్ల నువ్వు బండెక్కు" అన్నాను.

ఈయన టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అను" అన్నాడు. "నువ్వంటేనే వస్తది."

మిషన్ తొక్కుతూ ఆ మాటే అనుకున్నాను. వచ్చెయ్యి బిడ్డా. గిన్నెలు తోముతూ అనుకున్నాను. డాబా మీద పసుపు కొమ్ములు కాలితో తిరగేస్తూ అనుకున్నాను. గొంతు వణకకుండా, ఏడవకుండా, మామూలుగా అనాలి. వచ్చెయ్యి బిడ్డా. అన్నం తినడానికి పిలిచినట్టు.

ఆదివారం స్నానాలు చేసి ఇద్దరం ముందు గదిలో కూర్చున్నాం. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రయాణానికి సంచి తలుపు పక్కన ఉంది. ఫోన్ మిషన్ మీద నిలబెట్టాం. మోగింది. నేను నొక్కేలోపే ఈయన నొక్కాడు.

ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. ఎండకు నల్లబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. భుజం మీద ఏమీ లేదు.

"అమ్మా! పోయినసారి నెట్‌వర్క్ పోయింది. మీ మాటనే ఇనరాలే. మంచిగున్నరా?"

"నీ భుజం సూపియ్యి" అన్నాను.

"ఏంది?"

"భుజం సూపియ్యి అంటున్న. కట్టు తీసేసిన్రా?"

"కట్టేందే? నాకేమైంది?"

"అబద్ధమాడకు నాతోని. కట్టు కట్టుకున్నవ్. నెత్తురు చూసినం, మేమిద్దరం చూసినం."

తను మా ఇద్దరి మొహాలూ చూసింది. అర్థం కాలేదు దానికి. తర్వాత ఏదో గుర్తొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నెత్తురెక్కడిదమ్మా! అది తడి టీషర్టు. బట్టలు ఉతుకుతుంటే ఫోన్లు ఇస్తున్నరన్నరు. సబ్బు గూడ జాడియ్యకుండ భుజం మీదేస్కొని ఉరికొచ్చిన. బాపు పెట్టిన పసుపు మూట పెట్టెల పలిగింది గదా. తెల్లబట్టలన్ని పచ్చగయినయ్. సబ్బు పెట్టేసరికి ఎర్రగయినయ్."

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆర్మూర్‌లో పసిపిల్లకు కూడా తెలుసు. నేను పుట్టింది పసుపు పండే ఇంట్లో, వచ్చింది పసుపు పండే ఇంటికి. ఆ పిల్ల భుజం మీది పసుపును ఇన్నాళ్లూ ఉతికింది ఈ చేతులే. ఉతికిన ప్రతిసారీ నీళ్లు ఎర్రగా అయ్యేవి. అదే భుజం, అదే పసుపు, అదే ఎరుపు. ఒక్కసారి కూడా, ఆ వారమంతా ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. రక్తం అనుకున్నాను. రక్తమే అనుకోవడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాను కాబోలు.

ఈయన వైపు తిరిగాను. "ఏమయ్యా, పసుపు మూట పెట్టినవా?"

తల వంచుకున్నాడు. "దెబ్బ తాకితే అద్దుకుంటదని. గాడ కొత్త జాగ, ఎవ్వలుంటరు సూసేటోళ్లు" అన్నాడు. మళ్లీ మెల్లగా, "రక్తం చూసి, పసుపు పెట్టి పంపినా గూడ ఆగలే అనుకున్న" అన్నాడు.

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు.

పిల్ల నవ్వుతూనే చెబుతోంది. మొదటి రోజు వరసలో అందరూ మల్లెపూలలా తెల్లగా నిలబడితే తనొక్కతే పచ్చగా నిలబడిందట. డ్రిల్లు నేర్పే ఉస్తాద్ ఆ టీషర్టు అంచు ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడట. తర్వాత మైదానం చుట్టూ పరుగెత్తించాడట. ఇప్పుడు అందరూ తనను హల్దీ అని, హిందీలో పసుపు అని పిలుస్తున్నారట. "పేరే మరిచిపోయిన్రమ్మా. హల్దీ, ఇటు రా. హల్దీ, గట్టిగ అరువు" అంది. అంటూ అంటూ నవ్వు ఆపేసింది. అటూ ఇటూ చూసి ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"బాపు, గా మూటల ఇంత మిగిలింది. దిండు కింద పెట్టుకున్న. పండుకునేటప్పుడు వాసన చూస్త. మన కల్లం లెక్కనే ఉంటది." మళ్లీ ఒకసారి వెనక్కి చూసింది. "ఒక దినం బూట్లేస్కొని పెద్ద గేటు దాకా పోయిన, తెల్సా. వద్దని చెప్పేసి వద్దామని. గేటు దగ్గర నిలవడి మల్ల ఎనకకు వచ్చిన."

ఈయన చెయ్యి మిషన్ అంచును పట్టుకుంది.

"ఒక్క మాట చెప్త, ఇనుండ్రి. నన్ను ఇంటికి రమ్మని మాత్రం అడగకుండ్రి. అమ్మా, నువ్వు అసలు అడగకు. అడిగితే వచ్చేస్త. నేను ఆగలేను. అందుకే చెప్తున్న, అడగకుండ్రి."

నా మాట నా నాలుక మీదే ఉంది. వారం రోజులు అరగదీసి నున్నగా చేసి పెట్టుకున్న మాట. భుజానికి ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ మాట భుజం కోసమేనా? ఆ మెట్లు ఖాళీగా ఉండడం, ఆ మూడో పళ్లెం బోర్లించడం, రేపు నిజంగానే ఎర్రగా వచ్చే రోజు ఒకటి ఉంటుందేమోనన్న భయం. అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు, సాయంత్రం బండికి ఈయన ఎక్కుతాడు, మూడు నాలుగు రోజుల్లో నా బిడ్డ ఈ గదిలో ఉంటుంది. ఆ పొట్టి జుట్టు మళ్లీ పెరుగుతుంది. నూనె రాసి అల్లుతాను.

దాని కళ్లు నా నోటి వైపే చూస్తున్నాయి. భయంగా చూస్తున్నాయి. ఇంకొక్క క్షణం అలా చూస్తే అనేసేదాన్నే.

"సబ్బు పెట్టకు" అన్నాను. "సబ్బు పెడితే పోదు, ఇంకింత ఎర్రగయితది. ఉత్త నీళ్లల్ల తడిపి ఎండల ఆరెయ్యి. ఎండకు దానంతట అదే పోతది."

నా దగ్గరికి జాకెట్లు తెచ్చే ప్రతి ఆడమనిషికీ చెప్పే మాట అది. అంతకన్నా వేరే మాట నాకు దొరకలేదు.

తను గట్టిగా ఊపిరి వదిలింది. "సరే అమ్మా" అంది. కళ్లు తుడుచుకుంది. "బాపు, నువ్వేం మాట్లాడవా?"

ఈయన ఫోన్ దగ్గరికి జరిగాడు. "కల్లంల పసుపు ఎండుతున్నది బిడ్డా. కొమ్ములు పాలిష్‌కు ఏస్త ఇగ" అన్నాడు.

"మంచిగ ఎండనియ్యి. తొందర పడకు" అంది తను. ఎక్కడో విజిల్ ఊదారు. "పోతున్న" అంది. పోయింది.

ఫోన్ నల్లబడ్డాక కూడా మేం దాని ముందే కూర్చున్నాం. తలుపు పక్కన సంచి అలాగే ఉంది. ఈయన లేచి దాన్ని లోపలికి తీసుకెళ్తాడేమోనని చూశాను. లేవలేదు. నాకు ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపంగానే బయటికి వస్తుంది.

"నువ్వెందుకడగలేదయ్యా?" అన్నాను. "బాపువు గదా. స్టేషన్ల గంత చెప్పినవ్, వచ్చి తీస్కపోతనని. గిప్పుడు పసుపు ఎండుతున్నది, పాలిష్ ఏస్తున్న! నోరు పడిపోయిందా? నువ్వన్న అడుగొచ్చు గదా!"

ఆయన నన్ను చూడలేదు. మిషన్ మీద నిలబెట్టిన ఫోన్‌నే చూస్తున్నాడు.

"నువ్వడుగుతనంటివి గదా" అన్నాడు.

"అది అడగొద్దన్నది గదా! ఇనలేదా నువ్వు?"

"ఇన్న" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసుకున్నాడు. "నువ్వు ఎవ్వల మాట ఇనవు గదనే. గిది గూడ ఇనవనుకున్న."

అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.